భాగం - 9 : సముదాయ పర్యాటకం, మహిళల చిన్న సంస్థలు, పేదరిక నిర్మూలన – అల్లవరం తీరం నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- కోనసీమ తీరప్రాంతంలో స్త్రీల శ్రమకు, బయటి మార్కెట్‌కు మధ్య గల సంబంధం ఎలా మారుతూ వచ్చిందో వివరించగలుగుతారు.
- డ్వాక్రా నుంచి నేటి గ్రామ సమాఖ్యల వరకు జరిగిన పరిణామాన్ని కాలక్రమంలో చెప్పగలుగుతారు.
- సముదాయ పర్యాటకం అంటే ఏమిటో, అది మామూలు పర్యాటకం కంటే ఏ విధంగా భిన్నమైనదో గుర్తించగలుగుతారు.
- ఒక ఉపాధి కార్యక్రమం పేదరికాన్ని నిజంగా తగ్గిస్తున్నదా లేదా అన్నది పరీక్షించడానికి కావలసిన ప్రశ్నలను రూపొందించగలుగుతారు.

9.1 పరిచయం

కిందటి భాగంలో మీరు గ్రామీణ పేదరికానికి గల కారణాలను చదివారు. పేదరికాన్ని తగ్గించే మార్గాల్లో ఇటీవల ఎక్కువగా వినిపిస్తున్నవి రెండు. ఒకటి, గ్రామస్థులే నిర్వహించే పర్యాటకం. రెండు, స్త్రీలు సంఘాలుగా ఏర్పడి నడిపే చిన్న సంస్థలు. ఈ రెండూ కొత్త ఆలోచనలుగా కనిపిస్తాయి. కాని గోదావరి డెల్టా చరిత్రను పరిశీలిస్తే, ఇక్కడి స్త్రీలు రెండు శతాబ్దాలకు పైగా దూరదేశాల మార్కెట్ల కోసం పని చేస్తూనే ఉన్నారని తెలుస్తుంది. అటువంటప్పుడు ఒక ప్రశ్న తప్పనిసరిగా వస్తుంది. అంతకాలం పని చేసినా పేదరికం ఎందుకు మిగిలింది?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ భాగం ఉద్దేశం. ఇందుకు కోనసీమలోని అల్లవరం మండలాన్ని, దాని పరిసరాలను ఆధారంగా తీసుకుందాం.

9.2 అల్లవరం: నేల, నీరు, జీవనాధారాలు

గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల మధ్య ఉన్న త్రికోణాకార భూభాగమే కోనసీమ. వసిష్ఠ నుంచి గన్నవరం వద్ద చీలిన వైనతేయ పాయ కోనసీమను రెండుగా విభజిస్తూ ఓడలరేవు సమీపంలో సముద్రంలో కలుస్తుంది. ఈ సంగమానికి తూర్పున, అమలాపురానికి దక్షిణంగా సముద్రతీరంలో అల్లవరం మండలం ఉంది. ఓడలరేవు, బెండమూర్లంక, కొమరగిరిపట్నం, బోడసకుర్రు, గోడి ఈ మండలంలోని గ్రామాలు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ప్రస్తుతం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో ఉంది.

కొబ్బరి తోటలు, వరి చేలు, కాలువలు చూసినవారికి ఇది సంపన్న ప్రాంతమనిపిస్తుంది. 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం వద్ద నిర్మించిన ఆనకట్ట వల్ల ఈ సంపద పెరిగిన మాట నిజమే. కాని నీటి వల్ల వచ్చిన లాభం మొదట భూమి గలవారికి చేరింది. భూమి లేనివారికి ఊడ్పులు, కోతలు, కొబ్బరి దింపు వంటి కూలి పనులు మాత్రమే దక్కాయి. తీరంలోని మత్స్యకార కుటుంబాలకు వేటే ఆధారం. పురుషులు తెచ్చిన చేపలను ఎండబెట్టడం, తట్టల్లో మోసుకెళ్లి అమ్మడం స్త్రీల పని.

ఈ జీవనాధారాలు స్థిరమైనవి కావు. 1996 నవంబర్ 6న వచ్చిన తుపాను కోనసీమలో భారీ ప్రాణనష్టం కలిగించి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. ఒక కొబ్బరి మొక్క నాటి, కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుందని గుర్తుంచుకోండి. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు ధర లేక, మురుగునీటి పారుదల సరిగా లేక కోనసీమ రైతులు వరి వేయకుండా పంట విరామం ప్రకటించారు. రైతు సాగు మానేస్తే ఊడ్పుల కూలి కూడా ఆగిపోతుంది. చాలా వరి చేలు రొయ్యల, చేపల చెరువులుగా మారడంతో స్త్రీలకు పొలం పని ఇంకా తగ్గింది.

ఈ పరిస్థితుల్లో అనేక కుటుంబాల స్త్రీలు ఇంటి పని కోసం కువైట్, ఒమన్, ఖతార్ వంటి గల్ఫ్ దేశాలకు వెళ్లారు. అనుమతి అవసరమైన దేశాలకు గృహసేవకు వెళ్లే స్త్రీలకు కనీసం 30 ఏళ్ల వయస్సు ఉండాలని ప్రభుత్వ నిబంధన. అంటే పిల్లలు బడి వయస్సులో ఉండగానే తల్లి దూరమవుతున్నదన్నమాట. కనుక ఊళ్లోనే గౌరవప్రదమైన ఆదాయం దొరుకుతుందా అన్నది ఈ ప్రాంతంలో ఒక కుటుంబం కలిసి ఉండగలదా అన్న ప్రశ్న కూడా అవుతుంది.

9.3 బెండమూర్లంక: నూలు వడికిన చేతులు

నేడు చిన్న గ్రామంగా ఉన్న బెండమూర్లంక ఒకప్పుడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం. నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం, గౌతమి తీరంలోని ఇంజరం కూడా ఇటువంటివే. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ స్థావరాలను స్వాధీనం చేసుకున్నాడు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి వశమయ్యాయి. ఈ స్థావరాల నుంచి ఎగుమతైన ప్రధాన సరుకు నూలు వస్త్రం. మాధవాయిపాలెం పేరు మీదుగా ఒక రకం బట్టకు 'మడపొలం' అనే పేరు ప్రపంచ మార్కెట్‌లో స్థిరపడింది.

వస్త్రం అనగానే మగ్గం మీది నేతగాడు గుర్తుకు వస్తాడు. కాని ఒక మగ్గానికి సరిపడా నూలు అందాలంటే అనేకమంది రాట్నం ముందు కూర్చోవాలి. ఆ పని చేసినవారు ఎక్కువగా స్త్రీలు. వంటపని, పొలం పని ముగించుకుని మిగిలిన వేళల్లో వడికేవారు. కంపెనీ దళారీలు నేతగాడికి బయానా ఇచ్చేవారు. నేతగాడి పేరు లెక్క పుస్తకంలో ఉండేది. వడికిన స్త్రీ పేరు మాత్రం ఆ పుస్తకంలోకి ఎక్కలేదు.

19వ శతాబ్దం మొదటి భాగంలో ఇంగ్లండు యంత్రాల నూలు, మిల్లు బట్ట వచ్చి పడ్డాయి. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ తన వర్తక కార్యకలాపాలను ముగించింది. నేతగాళ్ల నష్టాన్ని గురించి అధికారులు కొంతైనా రాశారు. రాట్నం మూలపడిన ఇళ్లలో స్త్రీలు కోల్పోయిన ఆదాయం ఎంతో ఎవరూ లెక్కించలేదు. లెక్కలోకి రాని శ్రమ పోయినప్పుడు, ఆ నష్టం కూడా లెక్కలోకి రాదు. ఈ విషయాన్ని మీరు ముందు భాగాలలోనూ గుర్తుంచుకోవాలి.

9.4 లేసు అల్లిక: ఇల్లు దాటని చేతులు, దేశాలు దాటిన సరుకు

19వ శతాబ్దం మధ్యలో నరసాపురంలో క్రైస్తవ మిషనరీలు స్థానిక స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. క్రోషియా సూది, దారం ఉంటే చాలు. పెట్టుబడి దాదాపు అక్కరలేదు. వసిష్ఠకు రెండు వైపులా ఈ పని వ్యాపించి, రాజోలు తాలూకా మీదుగా కోనసీమ గ్రామాలకు చేరింది. మిషనరీలు ప్రారంభించిన పని క్రమంగా స్థానిక ఎగుమతిదారుల చేతుల్లోకి వెళ్లి పెద్ద వ్యాపారమైంది.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర ఇక్కడ క్షేత్ర పరిశోధన చేసి, నరసాపురం లేసు కార్మికుల మీద 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. ఆమె పరిశీలనలోని ముఖ్యాంశాలు మూడు.

మొదటిది, పని విభజన. దారం కొనడం, ఏజెంట్లుగా తిరగడం, ఎగుమతి చేయడం ప్రధానంగా పురుషుల చేతిలో ఉంది. అల్లడం మాత్రమే స్త్రీలది. అది కూడా ముక్కలుగా. ఒకరు పూవు అల్లితే, మరొకరు అంచు కడతారు, ఇంకొకరు అతుకుతారు. పూర్తయిన సరుకు ఎక్కడికి పోతుందో, ఎంతకు అమ్ముడవుతుందో అల్లినవారికి తెలియదు.

రెండవది, కూలి. రోజంతా అల్లినా వచ్చే మొత్తం వ్యవసాయ కూలికంటే చాలా తక్కువ.

మూడవది, గుర్తింపు. ఈ స్త్రీలను 'ఇంట్లో ఖాళీగా కూర్చోక ఏదో అల్లుకునేవారు' అని భావించారు. కార్మికులుగా లెక్కించలేదు. ఈ ప్రక్రియను మీస్ 'గృహిణీకరణ' అన్నారు. ఆమెను గృహిణి అన్నందువల్లనే తక్కువ కూలి ఇవ్వడం సాధ్యమైందని ఆమె వాదన.

నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ఇది నకిలీల నుంచి సరుకు పేరును కాపాడుతుంది. అల్లిన చేతికి ధర పెంచుతుందా అన్నది మాత్రం కొనేవారికి, అల్లేవారికి మధ్య ఎవరున్నారన్న దాని మీద ఆధారపడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) నూలు వడకడం, లేసు అల్లడం – ఈ రెండు పనుల్లో స్త్రీల స్థితికి గల పోలికలను రెండు వాక్యాల్లో రాయండి.
(ఆ) 'గృహిణీకరణ' అంటే ఏమిటి?

9.5 పొదుపు సంఘాలు: పుస్తకంలోకి ఎక్కిన పేరు

స్త్రీల పేరు లెక్క పుస్తకంలోకి ఎక్కిన సందర్భం చాలా ఆలస్యంగా వచ్చింది. 1982లో కేంద్ర ప్రభుత్వం సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకంలో ఉపపథకంగా, యునిసెఫ్ సహకారంతో డ్వాక్రాను ప్రారంభించింది. అంతకు ముందు రుణాలు కుటుంబ యజమాని పేరిట, అంటే చాలావరకు పురుషుల పేరిట వెళ్లేవి. డ్వాక్రాలో 15 నుంచి 20 మంది స్త్రీలు ఒక బృందంగా ఏర్పడాలి. బృందానికి తొలుత 15,000 రూపాయల మూలనిధి ఇచ్చేవారు.

పథకం ఉన్నంత మాత్రాన ఉద్యమం రాదు. ఆంధ్రప్రదేశ్‌లో దానికి ఊపు నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. 1992లో దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతటా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధానికి దారి తీసింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే దాన్ని దాచుకోవాలన్న ఆలోచన నుంచి 'పొదుపు లక్ష్మి' పుట్టింది. అదే కాలంలో, 1992లో, నాబార్డు స్వయం సహాయక బృందాలను బ్యాంకులతో కలిపే ప్రయోగాన్ని మొదలుపెట్టింది.

తరువాతి పరిణామాలను వరుసగా చూడండి. 1999 ఏప్రిల్‌లో డ్వాక్రాతో సహా కొన్ని పాత పథకాలు స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో విలీనమయ్యాయి. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు సాయంతో 'వెలుగు' ముందు 6 జిల్లాల్లో, తరువాత మిగిలిన జిల్లాల్లో అమలైంది. అది తరువాత 'ఇందిరా క్రాంతి పథం' అయింది. బృందాలు గ్రామ సమాఖ్యలుగా, అవి మండల సమాఖ్యలుగా, జిల్లా సమాఖ్యలుగా ఎదిగాయి. పథకం పేరు ఎన్నిసార్లు మారినా కోనసీమ పల్లెల్లో నేటికీ 'డ్వాక్రా గ్రూపు' అనే అంటారు.

వడ్డీ విషయం ఇక్కడ ముఖ్యం. ప్రైవేటు అప్పు నూటికి నెలకు 3 రూపాయలైతే సంవత్సరానికి 36 శాతం. 'పావలా వడ్డీ' పథకంలో నూటికి నెలకు పావలా, అంటే సంవత్సరానికి 3 శాతం. ఈ తేడా ఒక్కటే చిన్న వ్యాపారాన్ని నిలబెట్టవచ్చు.

అయితే అప్పు దొరకడం, వ్యాపారం నడవడం ఒకటి కాదు. సంఘం రుణంలో చాలా భాగం వైద్యానికి, పెళ్లికి, ఇంటి మరమ్మతుకు, పాత అప్పు తీర్చడానికి ఖర్చయ్యేది. అది దుబారా కాదు, అవసరం. కాని దాని నుంచి కొత్త ఆదాయం రాదు. ఈ ఖాళీలోకి ప్రైవేటు సూక్ష్మ రుణ సంస్థలు ప్రవేశించి, వారం వారం వసూళ్లతో, ఒకే ఇంటికి పలు అప్పులతో స్త్రీలను ఒత్తిడికి గురి చేశాయి. ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం వాటిని నియంత్రిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. 2011లో సంఘాల కోసమే 'స్త్రీ నిధి' సహకార పరపతి సంస్థ ఏర్పడింది. కనుక స్త్రీకి అప్పు అందించడం మొదటి మెట్టు మాత్రమే. రెండవ మెట్టు మార్కెట్.

9.6 పూతరేకు, కొబ్బరి: రెండు చిన్న సంస్థలు

కోనసీమ జిల్లాలోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక సూచిక లభించింది. రేకు తీయడం చూడండి. ప్రత్యేకంగా చేసిన కుండను బోర్లించి, కింద కొబ్బరాకు మంట పెడతారు. పలుచని బియ్యప్పిండి నీటిలో గుడ్డను ముంచి, కాలిన కుండ మీద ఒక్కసారి పరుస్తారు. క్షణంలో కాగితం కంటే పలుచని రేకు వస్తుంది. మంట కాస్త ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే అంటుకుంటుంది. ఈ నేర్పు స్త్రీలది. చాలా ఇళ్లలో రేకులు తీసి దుకాణాలకు అమ్ముతారు. నెయ్యి, పంచదార లేదా బెల్లం పొడి, జీడిపప్పు చేర్చి చుట్టి, పెట్టెలో పెట్టి అమ్మేటప్పుడు ధర పెరుగుతుంది. రేకు దగ్గరే ఆగిపోయిన స్త్రీకి, పెట్టె దాకా చేసే స్త్రీకి ఆదాయంలో తేడా అక్కడే వస్తుంది. దీనినే విలువ జోడింపు అంటాం.

అల్లవరానికి దగ్గరైనది కొబ్బరి. అంబాజీపేట మార్కెట్ ఎండు కొబ్బరికి, కురిడీకి పేరు పొందింది. కాయలో ఏదీ వృథా కాదు. డొక్క నుంచి పీచు, పీచు నుంచి తాడు, చాప. ఈనెల నుంచి చీపురు. చిప్ప నుంచి బొగ్గు, గరిటెలు, బొమ్మలు. కేంద్ర కాయర్ బోర్డు స్త్రీలకు శిక్షణ ఇచ్చి, రాయితీ మీద మోటారు రాట్నాలు అందించే పథకాన్ని నడిపింది. అయితే పీచును ముడిసరుకుగా లారీకెత్తి పంపినంతకాలం విలువ జోడింపు మరొక ఊళ్లో, తరచు మరొక రాష్ట్రంలో జరుగుతుంది.

9.7 సముదాయ పర్యాటకం

పర్యాటకులు వచ్చి చూసి వెళ్లే ఊరు వేరు, పర్యాటకాన్ని ఊరే నిర్వహించడం వేరు. రెండవదానిని సముదాయ పర్యాటకం అంటాం. దీనికి మూడు లక్షణాలు ఉండాలి. నిర్ణయాలు ఊరివారు తీసుకోవాలి. ఆదాయంలో ప్రధాన భాగం ఊళ్లో మిగలాలి. నేల, నీరు, ఆచారాలు చెడకూడదు.

మన దేశంలో ఈ దిశగా జరిగిన ముఖ్య ప్రయత్నం, 2003లో కేంద్ర పర్యాటక శాఖ ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమంతో కలిసి 36 గ్రామీణ స్థలాల్లో చేపట్టిన పథకం. ఇకత్ నేతకు పేరైన పోచంపల్లి, కలంకారీకి పేరైన శ్రీకాళహస్తి అందులో ఉన్నాయి. పోచంపల్లిని 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి ద్వారా గిరిజనులు అతిథులకు వసతి, భోజనం సమకూర్చే ఏర్పాటు మన గోదావరి ప్రాంతంలోని ఉదాహరణ.

కోనసీమకు బాగా పనికివచ్చే పోలిక కేరళలోని కుమరకం. కాలువలు, కొబ్బరి, పడవలు రెండుచోట్లా ఉన్నాయి. అక్కడ 2008 ప్రాంతంలో ప్రారంభమైన 'బాధ్యతాయుత పర్యాటకం' కార్యక్రమంలో కుటుంబశ్రీ మహిళా బృందాలు కూరగాయలు, కోడిగుడ్లు, చేపలు పండించి హోటళ్లకు అమ్మాయి. హోటళ్లు ఊరి సరుకు కొనడానికి ఒప్పుకున్నాయి. పంచాయతీ మధ్యవర్తిగా నిలిచి, ధర ముందే నిర్ణయించే ఏర్పాటు చేసింది. ఇక్కడ గమనించవలసింది పడవ షికారు కాదు, ధర నిర్ణయించే బల్ల దగ్గర స్త్రీలకు దొరికిన కుర్చీ.

కోనసీమకు యాత్రికులు కొత్త కాదు. అంతర్వేది, అప్పనపల్లి, అయినవిల్లి క్షేత్రాలకు వస్తారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం పోటెత్తుతారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థం మీదే. దిండిలో పర్యాటక సంస్థ వసతి గృహం ఉంది. ఓడలరేవు తీరానికి సెలవు రోజుల్లో, కార్తీక మాసంలో కుటుంబాలు వస్తాయి. కాని ఎక్కువమంది ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లిపోతారు. తినేది, తాగేది వెంట తెచ్చుకుంటారు. ఊరికి మిగిలేది చెత్త.

9.8 ఒక చిన్న లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని అంకెలు లెక్క అర్థం కావడానికి ఊహించినవి మాత్రమే. ఒక కుటుంబం ఒక రోజుకు 1,000 రూపాయలు ఖర్చు చేసిందనుకోండి.

మొదటి పద్ధతిలో, నగరంలోని సంస్థకు బుకింగు, వాహనం కింద 400, బయటి నుంచి తెచ్చిన సరుకులకు 350, వేరే ఊళ్లో ఉన్న యజమాని లాభం 150, స్థానిక కూలి 100. ఊళ్లో మిగిలింది 100 రూపాయలు.

రెండవ పద్ధతిలో, గ్రామ సమాఖ్య నడిపే భోజనశాలలో బియ్యం, చేపలు, కొబ్బరి, కూరగాయలు ఊళ్లో కొన్నందుకు 450, స్త్రీల వేతనం 300, సంఘం నిధికి 150, గ్యాసు, ఇతర బయటి సరుకులకు 100. ఊళ్లో మిగిలింది 900 రూపాయలు.

మొదటి పద్ధతిలో ఊరు దాటిపోయిన ఆదాయాన్ని అర్థశాస్త్రంలో 'లీకేజీ' అంటారు. అయితే తొందరపడి ముగింపుకు రాకండి. మొదటి పద్ధతిలో రోజుకు వంద కుటుంబాలు, రెండవ పద్ధతిలో వారానికి రెండు కుటుంబాలు వస్తే లెక్క తారుమారవుతుంది. కనుక ఎంత మిగులుతుంది అన్నదానితో పాటు, ఎన్ని రోజులు మిగులుతుంది అన్నదీ అడగాలి.

9.9 అవరోధాలు

మొదటిది, 'సముదాయం' అనే మాటలోనే ఉంది. ఊరు ఒకటిగా కనిపించినా అందులో కులాలు, పేటలు, భూమి గలవారు, లేనివారు ఉంటారు. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో జరిగిన హింస ఈ విభజనలు ఎంత లోతైనవో చూపింది. అతిథులను ఇంట్లో ఉంచుకునే పథకానికి అదనపు గది, మరుగుదొడ్డి, రహదారి పక్క ఇల్లు కావాలి. అవి ఎవరికి ఉన్నాయి? దళిత పేటలోని కూలి స్త్రీకి, తీరంలోని మత్స్యకార స్త్రీకి లేవు. జాగ్రత్త పడకపోతే పేదల పేరిట వచ్చిన పథకం కలవారి డాబాల దగ్గరే ఆగుతుంది. అతిథి గదులు ఒకరివైనా, వంట, సరఫరా, పడవ, మార్గదర్శనం, చేతిపనులు సమాఖ్య ద్వారా భూమి లేనివారికి దక్కే విధంగా ముందే రాసుకోవడం ఒక పరిష్కారం.

రెండవది, తీరం మీద హక్కు. వలలు ఆరబెట్టే, చేపలు ఎండబెట్టే ఇసుకే పర్యాటకుడు కూర్చోవాలనుకునే ఇసుక. 1991లో వచ్చి, 2011లో, 2019లో మారిన తీరప్రాంత నియంత్రణ నిబంధనలు నిర్మాణాలపై హద్దులు పెట్టాయి. వాటి అమలును గ్రామసభ గమనించాలి.

మూడవది, భద్రత. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. నదీముఖం వద్ద ప్రవాహాలు మరింత ప్రమాదకరం. ఒక్క ప్రమాదం మనుషులతో పాటు ఊరి ఉపాధిని కూడా తీసుకుపోతుంది.

నాలుగవది, స్త్రీ పనిభారం. ఇంటి వంటకు తోడు అతిథుల వంట చేరి, డబ్బు మాత్రం ఇంటి పెద్ద చేతికి వెళ్తే, లేసు చరిత్రే మళ్లీ మొదలవుతుంది. వేతనం ఆమె ఖాతాలో పడాలి, గంటలు లెక్కకు రావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) 'లీకేజీ' అంటే ఏమిటి? మీ ఊరి జాతర లేదా తీర్థం నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.
(ఆ) కుమరకం అనుభవంలో పంచాయతీ పాత్ర ఏమిటి?

9.10 సారాంశం

బెండమూర్లంక కాలంలో స్త్రీ నూలు వడికింది, మార్కెట్ కంపెనీ చేతిలో ఉంది. లేసు కాలంలో స్త్రీ అల్లింది, మార్కెట్ ఏజెంటు చేతిలో ఉంది. డ్వాక్రాతో పొదుపు, పరపతి ఆమె చేతికి వచ్చాయి, మార్కెట్ ఇంకా పూర్తిగా రాలేదు. కోనసీమ స్త్రీలకు ఏనాడూ పని చేతకాక పేదరికం రాలేదు. ధర, లెక్క, నిర్ణయం ఆమెకు దూరంగా ఉండడం వల్ల వచ్చింది. సముదాయ పర్యాటకంలో ఉన్న ప్రత్యేక అవకాశం ఏమంటే, ఇక్కడ సరుకు మార్కెట్‌కు వెళ్లనక్కరలేదు, కొనేవాడే ఊరికి వస్తాడు. మధ్యలో మరొకరు నిలబడకుండా చూసుకోగలిగితేనే ఆ అవకాశం ఆదాయంగా మారుతుంది.

మీ ప్రాంతంలో ఏ పథకాన్ని పరిశీలించినా ఈ నాలుగు ప్రశ్నలు వేయండి: ధర ఎవరు నిర్ణయిస్తున్నారు? లెక్క పుస్తకం ఎవరి దగ్గర ఉంది? రూపాయిలో ఎంత భాగం ఊళ్లో మిగులుతున్నది? ఊళ్లో అందరికంటే పేద కుటుంబానికి అందులో చోటు ఉందా?

ముఖ్య పదాలు

సముదాయ పర్యాటకం: స్థానిక ప్రజలే నిర్ణయించి, నిర్వహించి, లాభం పొందే పర్యాటకం.
విలువ జోడింపు: ముడిసరుకును మెరుగుపరచి, ఎక్కువ ధర వచ్చే రూపానికి తేవడం.
లీకేజీ: స్థానికంగా ఖర్చయిన డబ్బు ఆ ప్రాంతం దాటి బయటికి పోవడం.
గృహిణీకరణ: స్త్రీ చేసే ఉత్పాదక శ్రమను ఇంటిపనిగా చూసి, కూలిని, గుర్తింపును తగ్గించడం.
భౌగోళిక సూచిక: ఒక ప్రాంతానికి చెందిన విశిష్ట వస్తువు పేరుకు లభించే చట్టపరమైన రక్షణ.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. గోదావరి డెల్టాలో స్త్రీల శ్రమకు, మార్కెట్‌కు గల సంబంధాన్ని 18వ శతాబ్దం నుంచి నేటి వరకు వివరించండి.
2. ఆంధ్రప్రదేశ్‌లో స్వయం సహాయక బృందాల ఆవిర్భావ వికాసాలను, వాటి పరిమితులను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అల్లవరం తీరంలో సముదాయ పర్యాటకానికి గల అవకాశాలను, అవరోధాలను తెలపండి.
2. పూతరేకుల తయారీని ఆధారంగా చేసుకుని విలువ జోడింపును వివరించండి.

III. క్షేత్ర కృత్యం
మీ గ్రామ సమాఖ్య సభ్యులు నడుపుతున్న ఒక చిన్న సంస్థను సందర్శించండి. వారి అనుమతితో, పేర్లు రాయకుండా, ముడిసరుకు ఖర్చు, పని గంటలు, అమ్మకపు ధర, రుణ వాయిదా నమోదు చేయండి. గంటకు వారికి ఎంత మిగులుతున్నదో లెక్కించి, మీ ప్రాంతంలోని వ్యవసాయ కూలితో పోల్చి ఒక పుట నివేదిక రాయండి.